పాల పెట్టె చెప్పిన హలో

వ్యాను మా ఊరి మలుపు తిరగకముందే నా ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతుంది. ఎత్తకూడదు. ఎత్తితే డ్రైవరుకు కోపం. "ఎత్తుడెందుకక్కా, మోగిందంటే వస్తున్నట్టే గద" అంటాడు. మోగగానే చేతిలో పని వదిలి, తాళంచెవి తీసుకుని లక్డారం పాల కేంద్రానికి నడుస్తాను. నేను షట్టరు ఎత్తేసరికి వ్యాను వెనక్కి తిరిగి గుమ్మానికి ఆనుకుంటుంది.

మొదట్లో ఈ ఏర్పాటు లేదు. కేంద్రం నా చేతికి వచ్చిన కొత్తలో రోడ్డు మీదే నిలబడేదాన్ని. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ప్రతి బండినీ పాల వ్యానేమో అని చూసేదాన్ని. ఒకరోజు ఎండలో నా మొహం చూసి డ్రైవరే అన్నాడు.

"నాకోసం సూసుకుంట నిలబడుడు దేనికక్కా? నంబరియ్యి. పటాన్‌చెరు దాటంగనే ఒక మిస్డ్ కాల్ కొడ్త. అప్పటిదాంక నీ పని నువ్వు జేస్కో."

నంబరిచ్చాను. నా నిలబడటం ఆరోజుతో పోయింది. అందులో గొప్ప సంగతి ఏదో ఉందని నాకప్పుడు తోచలేదు. చాలా కాలం తర్వాత, ఒక ఆదివారం, పాల ట్యాంకు పక్కన కూర్చుని తోచింది. ఆ ఆదివారం గురించే రాస్తున్నాను.

మా కేంద్రం ఒకే గది. పొద్దునా సాయంత్రం ఊరి ఆడవాళ్ళు పాలు తెస్తారు. కొలుస్తాను, కొంచెం తీసి మిషన్లో పెట్టి వెన్న చూస్తాను, చీటీ చేతిలో పెడతాను, పాలను పెద్ద స్టీలు ట్యాంకులో పోస్తాను. మోటారు తిరుగుతూ ట్యాంకును చల్లగా ఉంచుతుంది. వెలిమెల వైపు కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో పొద్దున్నే తలుపులకు వేలాడే పాల ప్యాకెట్లలో మా బర్రెల పాలు కూడా కొన్ని ఉంటాయి.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలెవరూ బడికి పోలేదు కాబట్టి అదొక లోటని కూడా తెలియలేదు. మనవరాలు పుట్టాక, మధ్యాహ్నాలు బడి వరండాలో మహిళా సంఘం వాళ్ళు పెట్టిన క్లాసులో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పాల మిషనే నేర్పింది. నేను జీవితంలో మొదట చదివిన ఇంగ్లీషు మాట ఫ్యాట్. పక్కన అంకె మారుతూ ఉంటుంది, ఆ మూడు అక్షరాలు మారవు. మారనిదాన్ని నేర్చుకోవడం తేలిక.

ఆలస్యంగా చదువు వచ్చినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. కనిపించిన ప్రతిదీ చదవాలనిపిస్తుంది. లారీల వెనక రాతలు, మందుల షీట్లు, గ్యాసు బండ మీద నంబర్లు, ఆటోవాళ్ళ పిల్లల పేర్లు, అన్నీ చదువుతాను. మా ఆయనకు నాతో బస్సెక్కాలంటే విసుగు. "కిటికీ పక్కన కూసోకు, సంగారెడ్డిదాంక నాకు బోర్డులన్ని సదివి ఇనిపిస్తవ్" అంటాడు.

కేంద్రంలో ఒక్క వస్తువు మీద మాత్రం ఒక్క అక్షరం కూడా ఉండేది కాదు. ట్యాంకు పక్కన గోడకు బిగించిన తెల్ల ప్లాస్టిక్ పెట్టె. అరచేతికి కొంచెం పెద్దది. దాని తీగ ఒకటి ట్యాంకులోకి పోతుంది. పాలు ఎంత చల్లగా ఉన్నాయో కొలిచి, లోపలున్న సిమ్ముతో డెయిరీ ఆఫీసుకు అదే కబురు పంపుతుంది. పంపినప్పుడల్లా పచ్చ లైటు ఒకటి మెరుస్తుంది. రోజంతా పక్కనే ఉండి ఎవరితోనో మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందో మాత్రం మనకు తెలియనివ్వదు. చదవటం వచ్చాక నన్ను ఇంతగా ఊరించిన వస్తువు మరొకటి లేదు.

దసరా పోయాక కొన్నాళ్ళకు పచ్చ లైటు మెరవడం మానేసింది. నేను పట్టించుకునేలోపే డెయిరీ సూపర్‌వైజరు వచ్చాడు.

"టెంపరేచర్ వస్తలేదమ్మా మీ దగ్గర్నుంచి. మోటర్ గిట్ల బంద్ పెడ్తున్నరా?"

"నేనెందుకు బంద్ పెడ్త సారూ? మీరే సూడున్రి."

ఆయన ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మంచివాడే, మొహంలో ఇబ్బంది కనిపించింది. "నాకు తెలుస్తుందమ్మా. కాని ఆఫీసుకు నా చెయ్యి కనవడదు. పెట్టె చెప్తేనే ఇంటరు" అన్నాడు. వరసగా కబురు రాని కేంద్రాన్ని మూసేసి, హైవే పక్కనున్న కేంద్రంలో కలపాలని పైవాళ్ళ మాట. సోమవారం వరకు చూస్తామన్నారట. అప్పటికీ పెట్టె మాట్లాడకపోతే ఆయన వచ్చి తాళంచెవి తీసుకుపోవాలి.

హైవే మా ఊరికి దగ్గరే అంటారు, బండ్లున్నవాళ్ళు. పాల క్యాను నెత్తిన పెట్టుకుని లారీల మధ్య రోడ్డు దాటాల్సినవాళ్ళు అలా అనరు. నా సంగతికొస్తే, నా పేరు నా చేతితో సంతకం పెట్టే చోటు ప్రపంచంలో అదొక్కటే. అది పోతుందన్న మాట వినగానే నాకు ముందు తాళంచెవి గుర్తుకొచ్చింది. కొంగు ముడి తడిమి చూసుకున్నాను.

మాట ఊళ్ళో పాకింది. సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన ఒకామె క్యాను దించకుండానే మొదలుపెట్టింది. "ఏందక్కా, ట్యాంకుకు బంద్ పెట్టి కూలర్‌ గాలి మీ ఇంటికి మలుపుకుంటున్నవంట గద?"

"అవు, వచ్చి కూసో. నీక్కూడ జెర సల్లగుంటది" అన్నాను. వెనకున్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ, చీటీ చేతికిచ్చినప్పుడు మెల్లగా అడిగింది. "నిజంగ మూస్తరా అక్కా? నా మోకాళ్ళతోని హైవే దాంక నడవరాదు."

నా చెల్లెలి బిడ్డ పటాన్‌చెరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. ఇట్లాంటి పెట్టెలకు లోపలి ప్రోగ్రాములు రాసే పని. మా పెట్టె కూడా వాళ్ళ దగ్గర తయారైందే. అక్కడే గది కిరాయికి తీసుకుని ఉంటుంది. ఫోను చేసి చెబితే, ఆదివారం పొద్దున్నే సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆటోలో దిగింది.

"ఏంది పెద్దమ్మా, నీ పెట్టె అలిగిందంట?"

"అలిగినదాన్ని అలుక తీర్చేటోళ్ళు మీరే గద బిడ్డా."

పెట్టెకు తీగ ఒకటి తగిలించి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. నేను పాల క్యాను బోర్లించి పక్కన కూర్చున్నాను. కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. సిమ్ము బాగుంది, సిగ్నలు బాగుంది. పెట్టె బయటికి కబురు పంపుతోంది, అటునుంచి ఏదో వస్తోంది కూడా. అంతలోనే మాట తెగిపోతోంది. ఎందుకు తెగిందని అడిగితే ప్రోగ్రాము "కుదరలేదు" అని తప్ప ఇంకేం చెప్పడం లేదట.

"పోయే కబుర్లు కనవడవా?" అన్నాను.

తెర నావైపు తిప్పింది. అక్షరాలు, అంకెలు, గుర్తులు, ఎవరో గుప్పిట నిండా తీసి చల్లినట్టు ఉన్నాయి. నాకు వచ్చిన రెండు భాషల్లో దేనికీ చెందవు.

"గిదేం భాష?"

"భాష గాదు పెద్దమ్మా, తాళం. మొదటి పలకరింపు ఇడిస్తే మిగిలిందంత తాళమేసే పోతది. దారిల ఎవరు సూసిన గిట్లనే కనవడాలె. లేకపోతే ఎవడన్న నడిమిట్ల దూరి తప్పుడు లెక్క పంపుతడు."

నాకు మా అమ్మ ఉత్తరాలు గుర్తొచ్చాయి. పెళ్ళైన కొత్తలో అమ్మ దగ్గర్నుంచి కార్డు వస్తే అందులో అక్షరాలన్నీ నాకు ఇలాగే కనిపించేవి. వచ్చిందని తెలిసేది, ఏమొచ్చిందో తెలిసేది కాదు. పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడి గట్టిగా చదివేవాడు. అమ్మకూ చదువు రాదు, అక్కడ ఇంకెవరితోనో రాయించేది. మా ఇద్దరి మధ్యా ఇద్దరు పరాయి మగవాళ్ళు. అందుకేనేమో ఆ ఉత్తరాల నిండా అందరూ క్షేమం, వానలు బాగా పడ్డాయి, ఇంతే ఉండేది. అమ్మ అసలు చెప్పాలనుకున్నది ఏ కార్డులోనూ రాలేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. తాళం ఉండి ఉంటే చెప్పేదేమో.

"మరి తాళమేసినదాన్ని నువ్వు ఎట్ల సూస్తవ్? పలగ్గొడ్తవా?"

"పలగ్గొట్టుడు నాతోని గాదు, ఎవ్వలతోని గాదు" అంది. "గాని తాళమేసుడు తీసుడు పని జేసే ప్రోగ్రాము పెట్టె లోపల్నే ఉంటది. అది మేం రాసింది గాదు, లోకమంత వాడేది. దానికొక మాట చెప్పి పెట్టొచ్చు. నువ్వు ఏ కబురు పంపిన, నీకు ఏ కబురొచ్చిన, ఒక్కసారి నన్ను పిలువు అని."

"నిన్ను పిలుస్తదా?"

"నన్ను గాదు. నేను రాసే ప్రోగ్రాము ముక్కను, ఒక చిన్న ఫంక్షన్‌ను. దాన్ని కాల్‌బ్యాక్ అంటరు."

"గది పొద్దంత సూసుకుంట కూసుంటదా?"

"కూసోదు పెద్దమ్మా. పిలిస్తేనే లేస్తది. కబురు ఎటు పోతుంది, ఏ రకంది, గది రాసి పెట్టి మళ్ళ పంటది."

నేను నవ్వాను. రోడ్డు మీద ఎండలో నిలబడిన రోజులు కళ్ళ ముందుకొచ్చాయి. "మా వ్యాను డ్రైవర్ మిస్డ్ కాలే గద ఇది."

"గసొంటిదే. గాని మిస్డ్ కాల్‌ల మోగుడే ఉంటది, మాట ఉండది. వ్యాన్ల ఏమున్నదో నీకు తెల్వది. ఇందుల కబురు గూడ చేతికిస్తది."

"తాళమేసిందా, వెయ్యందా?"

"పంపేదైతే వెయ్యకముందు. వచ్చేదైతే తీసినంక. తాళమేసేటోని పక్కన నిలబడ్డట్టు. రోడ్డు మీద నిలబడ్డోనికి ఏం తెల్వది, ఇంట్ల నిలబడ్డోనికి తెలుస్తది."

పోస్టుమ్యాన్ రోడ్డు మనిషా, ఇంటి మనిషా అని నాకొక సందేహం వచ్చింది కానీ, ఆమె అప్పటికే టైపు చేస్తోంది. నేను అడ్డు రాలేదు. రాసింది చాలా కొంచెమే. దాన్ని పెట్టెలోకి పంపి, పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ వేసింది.

తెర మీద అక్షరాల వరసలు దిగడం మొదలైంది. ప్రతి వరస ముందూ బాణం గుర్తు. కుడివైపు చూసే బాణం మనం పంపింది, ఎడమవైపు చూసేది మనకు వచ్చింది. అక్కడ ఆపి, "సదువు పెద్దమ్మా" అంది.

మొదటి వరస. కుడి బాణం. ఏవో అక్షరాలు, అంకెలు. చివరన ఒక మాట. హెచ్, ఈ, ఎల్, ఇంకో ఎల్, ఓ. పెదవులు కదుపుతూ రెండుసార్లు కూడబలుక్కున్నాను.

"హలో?"

"హలోనే."

"మన పెట్టె హలో అంటదా?"

"అనకుంట ఎట్ల మాట్లాడ్తది?"

కింద ఎడమ బాణంతో ఇంకో హలో ఉంది, ఆఫీసు నుంచి వచ్చింది. ఇన్నేళ్ళుగా గోడకు వేలాడుతూ అది అందరికంటే ముందు హలో అంటోందని నాకు తెలియదు. కేంద్రంలోకి వచ్చే సగం మంది ఆ మర్యాద కూడా చెయ్యరు.

ఆ తర్వాత కొన్ని వరసలు నాకు కొరుకుడు పడలేదు. ఒక పొడవాటి మాట దగ్గర ఆగాను. ఆమె అందించలేదు, ఊరుకుని కూర్చుంది. క్లాసులో మా టీచరు కూడా అలాగే ఊరుకునేది. అక్షరం తర్వాత అక్షరం పట్టుకుని చివరకు చేరాను. సర్టిఫికెట్. ఆఫీసు తన సర్టిఫికెట్ చూపించిందన్నమాట, నేను ఫలానా అని. దాని కింద కుడి బాణంతో ఒక చిన్న వరస. అలర్ట్. అంతే, ఆ కింద ఖాళీ.

నా చెల్లెలి బిడ్డ తెర దగ్గరికి వంగింది. వేలు బాణం మీద పెట్టింది. "పెద్దమ్మా, అలర్ట్ అంటే ఇగ మాట బంద్ అన్నట్టు. ఇది ఎటు సూస్తుంది?"

"కుడికి."

"అంటే?"

"మనం పంపింది." చెప్పాక నాకే అర్థమైంది. "మన పెట్టెనే వద్దన్నదా?"

ఇన్నాళ్ళూ ఆఫీసు మన మాట వినడం లేదని అందరం అనుకున్నాం. నిజానికి ఆఫీసు తలుపు తీసి, కాగితం చూపించి నిలబడింది. మొహం మీద తలుపు వేసింది మా పెట్టే.

"సర్టిఫికెట్‌కు తారీకు దాటిపోయిందేమో" అన్నాను. ఆదాయం సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్ళెవరికైనా ముందు అదే తోస్తుంది.

ఆమె అలర్టు వెనకున్న కారణం వెతికి, నొసలు ముడిచింది. "దాటలే. ఇంక మొదలే కాలేదంటుంది." ఆ వెంటనే ఏదో అడిగింది పెట్టెను, పెట్టె ఏదో చెప్పింది, ఆమె పెద్దగా నవ్వింది. "టైమెంతరా అని అడిగిన. రెండువేల సంవత్సరమంట. జనవరి నెలంట. నీ పెట్టెకు నేను ఇంక పుట్టనే లేదు పెద్దమ్మా."

పెట్టె లోపల గడియారం వెనక్కి పోయింది. దాని లెక్కలో ఈ సర్టిఫికెట్ ముందెప్పుడో రాబోయే కాలానిది, అంటే దొంగది. కొత్త పెట్టెలైతే టైము బయట అడిగి తెలుసుకుంటాయట, ఈ పాతది తన గడియారాన్ని తప్ప ఎవరినీ నమ్మదట. దాని అనుమానంలో తప్పేం లేదు. తాను ఏ కాలంలో ఉందో తెలియకపోవడమే తప్పు.

"కరెంటు పోయినా గడియారం ఆగకుండ లోపల ఒక సెల్లుంటది" అంటూ ఆమె మూత విప్పింది. గుండ్రటి గూడు ఒకటి ఖాళీగా ఉంది. ఆమె నావైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. తర్వాత ఇద్దరం గుమ్మం వైపు చూశాం, ఎందుకంటే అప్పుడే మా ఆయన చాయ్ గ్లాసులతో వస్తున్నాడు.

"ఈ డబ్బ నువ్వు ఇప్పినవా?" అన్నాను.

"దసరనాడు ఇప్పిన. తుడిచి బొట్టు పెట్టిన" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పనిచేసి దిగినవాడు. అక్కడ దసరాకు మిషన్లన్నీ ఆపి, మూతలు విప్పి, దుమ్ము ఊది, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ ఒక్కరోజు ఇనుముకు సెలవు. రిటైరయినా ఆ అలవాటు పోలేదు. పాల మోటారును ఆపడానికి వీల్లేదు కాబట్టి దానికి పైనుంచే బొట్టు పెట్టి, తీరిగ్గా ఈ పెట్టెను విప్పి పూజ చేశాడు.

"లోపల ఏమన్న తీసినవా పెద్దబాపూ?" అంది పిల్ల.

"తియ్యలే బిడ్డా. తుడుస్తుంటె బిళ్ళ ఒకటి ఊడి చేతిలకొచ్చింది. గడప కింద పైస పెడ్తం సూడు, గట్ల మీ కంపెనోళ్ళు శుభానికి పెట్టిండ్రేమో అనుకున్న."

"ఏడున్నది మరి?"

"దేవుని దగ్గర పెట్టిన. పారేస్తనా?"

నేను ఇంటికి పోయి దేవుడి గూట్లో చూశాను. పూజ పళ్ళెంలో రూపాయి బిళ్ళల మధ్య అదీ ఉంది, నిండా పసుపుతో. పండగనాటి నుంచి రోజూ దానికి దండం పెడుతున్నాను. కరెంటు పోనంతవరకు గడియారం నడిచింది. దసరా తర్వాత గాలివానకు కరెంటు పోయిన రోజు ఆగి, మళ్ళీ వచ్చాక మొదటికి పోయింది. అందుకే పండగకూ దీనికీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు.

నేను తెచ్చిస్తే, పిల్ల దాన్ని చున్నీ అంచుతో తుడిచి పెట్టెలోని గుండ్రటి గూట్లో నొక్కింది. టైము సరిచేసి, పెట్టెను మళ్ళీ వేసింది. హలో పోయింది, హలో వచ్చింది. సర్టిఫికెట్ వచ్చింది. నేను ఆ కింద వరస కోసం చూశాను. అలర్ట్ రాలేదు. కుడి బాణాలు ఒకదాని కింద ఒకటి దిగుతూనే ఉన్నాయి. పెట్టె ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న చల్లదనం లెక్కలన్నీ పంపుతోందని ఆమె చెప్పింది. గోడ మీద పచ్చ లైటు మెరిసింది.

ఇంకాసేపు చూస్తూ కూర్చునేదాన్ని. కానీ ఆమె తాను రాసిన ముక్కను తీసేయడానికి కూర్చుంది.

"ఉండనియ్యి బిడ్డా, సదువుకుంట."

"ఉంచొద్దు పెద్దమ్మా. తాళమేసేటోని పక్కన ఎప్పటికి మనిషిని నిలబెట్టొద్దు. ఎవడన్న తీగ పెట్టి మొత్తం సూస్తడు. పనికి పెట్టినం, పనైపోయింది."

న్యాయమే. పోస్టుమ్యాన్ సంగతి నాకప్పుడు తేలింది. ఆయన ఇంట్లో నిలబడినవాడే, అందుకే అమ్మ అసలు మాట రాయించలేదు. ఆమె పోతూ పోతూ చిన్న కాగితం ముక్క, గమ్ము ఇచ్చింది. తెరవొద్దు అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టె మీద అంటించాను. ఇన్నేళ్ళకు దాని మీద అక్షరాలు వచ్చాయి, అవీ నావే. మా ఆయన చదివి, "పూజకు గూడనా?" అన్నాడు.

"పూజకే" అన్నాను.

సోమవారం పొద్దున్న పాలు పోయడం అయ్యాక షట్టరు దించి ఇంటికి వచ్చానో లేదో, సూపర్‌వైజరు గుమ్మంలో ఉన్నాడు. నేను కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి మా ఇద్దరి మధ్య స్టూలు మీద పెట్టాను. అడిగాక ఇవ్వడం కంటే అది నయమనిపించింది.

"లెక్కలైతే వచ్చినయమ్మా" అన్నాడు. "గాని ఆఫీసుల నవ్వుతున్నరు. మీ ఊరి పాలు పాతికేండ్ల కిందివంట. కంప్యూటర్ ఒప్పుకుంటలేదు."

గడియారం తప్పుగా ఉన్నప్పుడు రాసుకున్న లెక్కల మీద తప్పు తారీకులే ఉంటాయన్నది మేం ఆలోచించలేదు. సెల్లు సంగతి, పసుపు సంగతి, పళ్ళెం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకుంటే ఆయన నవ్వలేదు. "మా ఇంట్ల ఇన్వర్టర్‌కు నేను జేసిన గదే పూజ" అన్నాడు.

"సూడొచ్చా సారూ?" అన్నాను.

ఫోను నా చేతికిచ్చాడు. సన్నటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పోతోంది. కొంతదూరం చదునుగా పోయి కొంచెం లేచి దిగుతుంది, మళ్ళీ చదునుగా పోయి మళ్ళీ లేస్తుంది. పొద్దున వెచ్చటి పాలు పోసినప్పుడొకటి, సాయంత్రం పోసినప్పుడొకటి. నేను వేలితో దాని వెంట నడిచాను. మా ఊరి ఆడవాళ్ళందరూ ఆ గీతలో వచ్చి పోతున్నారు. లేచిన గీత ఎక్కడా పైన ఉండిపోలేదు. ప్రతిసారీ చల్లగా కిందికి దిగింది. ఆయన కూడా వంగి, చివరిదాకా చూశాడు.

"తారీకు తప్పు. సల్లదనం తప్పు గాదు" అని మెల్లగా అనుకుని, ఫోను తీసుకుని ఆఫీసుకు కలిపాడు. బయటికి పోయి మాట్లాడాడు. నాకు మాటలు వినపడలేదు. చెయ్యి ఊపడం, తల ఊపడం, మళ్ళీ చెయ్యి ఊపడం కనిపించింది. లోపలికి వచ్చి కూర్చుని, మా ఆయన ఇచ్చిన చాయ్ అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

అప్పుడు నా ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది.

నేను లేవలేదు. తాళంచెవి ఇంకా స్టూలు మీదే ఉంది. ఆయన గ్లాసు కింద పెట్టి, దాన్ని రెండు వేళ్ళతో నావైపు జరిపాడు.

"వ్యాను వస్తున్నట్టున్నది గదమ్మా. పోన్రి."